కంప్యూటర్లకు పట్టిన తెగులు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణములును ఒకే రైలుదారిపై నున్నవి. మొదటిది చింతపండునకును, బెల్లమునకును, పట్టుగూళ్లకును పేరుపడిన వర్తకస్థానము. రెండవది కొండకోటగల పాత రాజధాని. దాని పొరుగున ఎఱ్ఱమంచి యొద్ద 2019వ సంవత్సరమునుండి కార్ల కర్మాగారము నడుచుచున్నది. మూడవది పట్టుచీరల ఊరు. 2022 ఏప్రిలు 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పటినుండి మూడును ఆ జిల్లాలోనివే. వీని వృత్తులు వేరు, వర్తకములు వేరు. అయినను నేడు మూడింటికిని సామాన్యమైన పనిముట్టు ఒకటి కలదు. మండీకొట్టులో లెక్కలు వ్రాయుటయు, దస్తావేజు లేఖరి క్రయపత్రము సిద్ధము చేయుటయు, మగ్గముల యజమాని చీర అంచునకు నమూనా గీయుటయు దాని మీదనే జరుగుచున్నవి. అదియే కంప్యూటరు. దానికి పట్టుచున్న తెగులును గూర్చియు, ఆ తెగులు ముదిరినప్పుడు చేయదగిన చికిత్సను గూర్చియు నేడు ముచ్చటింపదలచితిమి.

"ఇది చదువుకొను కుఱ్ఱవాండ్ర వ్యవహారము, మాకేల?" యని మా పాఠకులలో కొందరు తలంపవచ్చును. అట్లు తలచుటకు కాలము మించిపోయినది. 1998వ సంవత్సరముననే ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించినవి. 2015లో మీభూమి ఏర్పడిన పిమ్మట అడంగలు, 1బి నకళ్లు కంప్యూటరు తెరమీదనే చూచుకొనవలసివచ్చినది. 2017 జూలై 1వ తేదీన జీఎస్టీ అమలులోనికి వచ్చినది మొదలు వర్తకుడు కంప్యూటరు ముట్టక తన పన్నులెక్క చూపజాలడు. భూమిగలవానికిని కొట్టుగలవానికిని కాగితపు కట్టలు ఎట్టివో, కంప్యూటరులోని ఫైళ్లు నేడు అట్టివి. కాగితములకు చెదలు పట్టునని మన పెద్దలకు తెలియును గనుక వేపాకు వేసి దాచిరి. ఫైళ్లకు పట్టు చెదలను మాత్రము మనము తగినంతగా గుర్తింపలేదు.

తెగులు స్వభావము

సామాన్యజనులు దీనినంతయు వైరస్ అను ఒక్క మాటతో పిలుచుచున్నారు. మాల్వేరు అనునది దీని సాంకేతిక నామము. ఇందు పలు జాతులున్నవి. ఒక ఫైలునంటుకొని, ఆ ఫైలు పోయిన చోటికెల్ల పోవునది ఒకటి. మనుష్యుని ప్రమేయము లేకయే వైరు వెంబడి కంప్యూటరునుండి కంప్యూటరునకు ప్రాకునది మరియొకటి. పనికివచ్చు ప్రోగ్రాము వేషమున లోనికి వచ్చి పాస్‌వర్డులను మెల్లగా తస్కరించునది వేరొకటి. ఇంటిలోని ఫైళ్లకన్నిటికిని తాళమువేసి, తాళపుచెవికి వెల చెప్పునది అన్నిటికంటె క్రూరమైనది. దానికి ర్యాన్సమ్‌వేరు అని పేరు. మొదటివానిని వేరుపురుగుతో పోల్చినచో, ఈ కడపటిది పంటకుప్పకు నిప్పుపెట్టువానివంటిది.

ఈ తెగులు చరిత్రలో ఒక విషయము మనకు గుణపాఠము కాదగియున్నది. 1929 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ పూర్ణస్వరాజ్య తీర్మానము గావించిన లాహోరు నగరమునుండియే 1986లో వ్యక్తిగత కంప్యూటర్లకు సోకిన తొలి వైరస్‌లలో ఒకటి బయలుదేరినది. దానికి బ్రెయిన్ అని పేరు. వ్రాసినవారు ఇద్దరు సోదరులు. తాము తయారుచేసిన ప్రోగ్రామును జనులు వెల యీయక దొంగనకళ్లు తీయుచుండుటచే అట్టివారిని కనిపెట్టుటకు దానిని వ్రాసితిమని వారు చెప్పుకొనిరి. అనగా ఈ తెగులు పుట్టుకయందే దొంగనకలు ఉన్నది. మరి మూడేండ్లకు, 1989లో, ఎయిడ్సు వ్యాధిని గూర్చిన సమాచారమను నెపమున వేలకొలది ఫ్లాపీలు తపాలాలో పంపబడినవి. వానిని వాడినవారి ఫైళ్ల పేర్లు గల్లంతై, 189 డాలర్లు పనామా దేశపు తపాలాపెట్టెకు పంపుమని తెరమీద తాఖీదు కనబడినది. నేటి ర్యాన్సమ్‌వేరునకు అది ముత్తాత.

మూడు ఊళ్లు, మూడు నష్టములు

మాట గాలిలో నుండకుండుటకై కొన్ని సందర్భములను ఊహించి చూతము. ధర్మవరమున మగ్గముల యజమాని యొకడున్నాడనుకొందము. ఆయన తండ్రి కాలమున అంచు నమూనా గళ్లకాగితముపై గీయబడి, జకార్డు అట్టలమీద రంధ్రములుగా కొట్టబడెడిది. ఆ అట్టలకట్టలు అటకమీద భద్రముగా నుండెడివి. నేడు నమూనాలు కంప్యూటరులో గీయబడి, అక్కడనే నిలువయుండును. ఒకనాటి యుదయమున ఆయన చూచునప్పటికి ప్రతి ఫైలు పేరునకును ఎరుగని తోక యొకటి తగిలియున్నది. ఒక్క నమూనాయు తెరచుకొనదు. పదియేండ్ల కృషి తెరమీద కనబడుచునే చేతికందకపోయినది. పెండ్లి ముహూర్తములు దగ్గరపడినవి. మగ్గమువద్ద కూర్చుండు నేతగానికి పని నిలిచినది. ఇందు విచిత్రమేమనగా, కంప్యూటరునకు పూర్వుడు ఆ జకార్డు మగ్గమే. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశస్థుడగు జకార్డు రంధ్రముల అట్టలతో మగ్గమును నడిపింపగా, ఆ యుపాయమునే ఇంగ్లీషువాడగు బాబేజి తన గణనయంత్రమునకు గైకొనదలచెను. అట్టలను అటకమీద దాచిన తండ్రి, ఫైలును దాచుకొనని కుమారునికంటె జాగరూకుడని చెప్పక తప్పదు.

హిందూపురమున మండీవర్తకుని సంగతి చూతము. మార్చి నెలాఖరున ఆయన లెక్కలు మాయమైనచో పన్నులెక్క ఆలస్యమగుటయొక్కటే కాదు. ఊరూర నున్న బాకీల చిట్టాయే పోవును. ఇచ్చినవాడు మరచినను పుచ్చుకొనినవాడు గుర్తుంచుకొని తెచ్చియిచ్చునని నమ్ముట కష్టము. ఇక పెనుకొండలో దస్తావేజు లేఖరి కంప్యూటరునుండి ఏ ఫైలును నశింపకపోవచ్చును. కాని ఆయన కక్షిదారుల ఆధారు నకళ్లు, పాన్ కార్డుల ప్రతులు, సంతకములు, సర్వే నంబర్లు నిశ్శబ్దముగా ఎక్కడికో చేరిపోవచ్చును. ఈ మూడవ నష్టమే మాకు ఎక్కువ భయము గొలుపుచున్నది. పోయినట్లు తెలియనే తెలియదు. పోయినది లేఖరిది కాదు, ఆయనను నమ్మి కాగితములిచ్చిన రైతుది.

దూరపు వార్త కాదు

ఇవి కట్టుకథలని ఎవరైన ననుకొందురేమో, జరిగిన వానిని చెప్పుచున్నాము. 2017 మే 12వ తేదీన వానాక్రై అను ర్యాన్సమ్‌వేరు ప్రపంచమునెల్ల చుట్టుముట్టినది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాతబడినవి. మన రాష్ట్రమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములలోని కంప్యూటర్లు కొన్ని నిలిచిపోయినవి. తిరుపతిలో దేవస్థానముల కార్యాలయపు కంప్యూటర్లను సైతము అది విడువలేదు. మొదట 300 డాలర్లును, గడువు మీరినచో 600 డాలర్లును చెల్లింపవలెనని దాని తాఖీదు. అయితే ఆ రంధ్రమును పూడ్చు మందును విండోసు తయారీదారులు ఆ సంవత్సరము మార్చి 14వ తేదీననే, అనగా రెండు నెలలు ముందుగనే, విడుదల చేసియుండిరి. మందు వచ్చి రెండు నెలలైనను పుచ్చుకొననివారే ఎక్కువగా రోగమున పడిరి.

2019వ సంవత్సరము ఏప్రిలు కడపట, మే మొదట, తెలుగురాష్ట్రములు రెండింటిలోను విద్యుత్తు పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇట్టి దాడికే గురియై కొంతకాలము నిలిచిపోయినవి. మన మూడు పట్టణములకు దీపము వెలిగించు తిరుపతి సంస్థయు వానిలో నుండెను. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో సర్వర్లకు తాళము పడగా, దేశములో పేరెన్నికగన్న ఆ వైద్యశాలలో రోగుల చీట్లను పలుదినములు చేతితో వ్రాయవలసివచ్చినది. అయినను ఆ సమాచారము తుదకు దొరకినది. ఏల దొరకినది? దాడి సోకని మరియొక సర్వరులో నకలు ఉండుటచేత దొరకినది. ప్రభుత్వము పార్లమెంటులో చెప్పిన సమాధానమిదియే. మేము చెప్పదలచిన ముఖ్యవిషయమంతయు ఈ ఒక్క మాటయందే యున్నది.

పెనుకొండ చెప్పు పాఠము

1565లో తళ్ళికోట యుద్ధమున అళియ రామరాయలు పడిన పిమ్మట, ఆయన తమ్ముడు తిరుమలరాయలు హంపీని విడిచి పెనుకొండకు వచ్చెను. హంపీ పాడుపడినది. రాజ్యము మాత్రము చిక్కినంతవరకు మరి ఎనుబది యేండ్లు నిలిచినది. నిలుచుటకు కారణము హంపీ గోడల బలిమి కాదు. శత్రువు చేరని రెండవకోట యొకటి దూరమున సిద్ధముగా నుండుటయే. కంప్యూటరు విషయమునను న్యాయమిదియే. ఎంత గట్టి తాళము వేసినను ఏనాడో యొకనాడు దొంగ దూరవచ్చును. నాడు మనలను కాపాడునది తాళము కాదు. వేరొకచోట దాచిన నకలు. దానినే నేడు బ్యాకప్ అనుచున్నారు.

నిపుణులు దీనికి సులభమైన సూత్రమొకటి చెప్పుదురు: ప్రతులు మూడు, సాధనములు రెండు, చోటు వేరు. కంప్యూటరులోనిది ఒక ప్రతి. విడిగా తీసి బీరువాలో నుంచు హార్డుడిస్కులోనిది రెండవది. ఇంటికి దూరముగా, బంధువులయింటనో ఇంటర్నెట్టు నిలువలోనో ఉంచునది మూడవది. ఇందు మరువరాని నియమమొకటి కలదు. నకలు తీసిన వెంటనే ఆ డిస్కును కంప్యూటరునుండి ఊడదీయవలెను. తగిలించియే యుంచినచో ర్యాన్సమ్‌వేరు దానికిని తాళము వేయును. విత్తనపు గింజలను తిండిగింజలతో ఒకే గాదెలో పోయు రైతు ఎవడైన నున్నాడా? ఆ వివేకమునే ఇచట చూపవలయును. నెలకొకమారు ఆ నకలునుండి ఒక ఫైలును తెరచి చూచుటయు అవసరము. తెరచుకొనని నకలు లేని నకలే.

ముదిరిన తెగులుకు చికిత్స

ఇక తెగులు పట్టినది. కంప్యూటరు మాట వినదు. యాంటీవైరసు తెరచుకొనదు, లేక తెరచిన క్షణముననే మూసుకొనును. ఫోల్డర్లు షార్టుకట్లుగా మారినవి. ఒక చోటికి పొమ్మనగా బ్రౌజరు వేరొకచోటికి పోవుచున్నది. మన పేరిట మనము వ్రాయని ఉత్తరములు స్నేహితులకు పోవుచున్నవి. అప్పుడేమి చేయవలెను?

మొట్టమొదట ఇంటర్నెట్టు వైరు పీకవలెను, వైఫై ఆపవలెను. పశువునకు గాలికుంటు పట్టినప్పుడు మందనుండి వేరుచేయుదుము గదా! ఆ కంప్యూటరునకు పెన్‌డ్రైవు తగిలించి "చూతము" అనుకొని మరియొక కంప్యూటరునకు పెట్టరాదు. తరువాత, శుభ్రమైన వేరొక కంప్యూటరునుండియో ఫోనునుండియో పాస్‌వర్డులను మార్చవలెను; ఈమెయిలు మొదట, బ్యాంకు రెండవది, తక్కినవి పిమ్మట. తెగులు పట్టిన కంప్యూటరుమీదనే మార్చుట దొంగ యెదుట తాళముమార్చి కొత్త తాళపుచెవిని వానికే చూపుట. బ్యాంకు సొమ్ము కదలినచో ఒక్క గడియయు జాగుచేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను, బ్యాంకునకు తెలుపవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారిపోవును.

మూడవదిగా పరీక్ష. రోగముతో నున్న విండోసునే "నీకు రోగమున్నదా?" యని యడుగుట వ్యర్థము. లోతుగా పాతుకొనిన మాల్వేరు తన జాడను తానే కప్పిపుచ్చును. యాంటీవైరసునకు అబద్ధము చెప్పించును. అందుచే శుభ్రమైన మరియొక కంప్యూటరులో తయారుచేసిన రెస్క్యూ డిస్కుతో బయటినుండి కంప్యూటరును తెరపించి వెదకవలెను. విండోసును మేల్కొలుపకయే లోపల చూచు పద్ధతి యిది.

నాలుగవది కఠినమైన మాట. తేలిక తెగులైనచో శుద్ధిచేసి వాడుకొనవచ్చును. ముదిరిన తెగులైనచో శుద్ధి చేసితిమని నమ్మి కూర్చుండుట మంచిది కాదు. పత్రములు, ఫొటోలు, లెక్కలు మాత్రము బయటికి తీయవలెను; ప్రోగ్రాములను ఎంతమాత్రము తీయరాదు. పిమ్మట డిస్కును సమూలముగా తుడిచివేసి, తయారీదారుల వద్దనుండి నేరుగా తెచ్చుకొనిన ప్రతితో విండోసునో మరియొకదానినో మొదటినుండి ఎక్కింపవలెను. వెంటనే అప్‌డేట్లన్నియు చేయవలెను. ఆపైననే పాత పత్రములను పరీక్షించి లోనికి రానీయవలెను. దినదినపు పనికి సర్వాధికారములు లేని సామాన్యఖాతా నొకదానిని ఏర్పరచుకొనవలెను. యజమాని ఖాతాను కొత్త ప్రోగ్రాము ఎక్కించునప్పుడు మాత్రమే తెరవవలెను. కాండము కుళ్లిన చీనీచెట్టుకు ఆకులమీద మందుకొట్టి లాభము లేదని మన తోటరైతులకు మేము చెప్పనక్కరలేదు.

తాళమువేసినవాడు అడుగు సొమ్ము ఈయవచ్చునా యని యడుగువారున్నారు. ఈయరాదనియే మా యభిప్రాయము. సొమ్ము పుచ్చుకొని తాళపుచెవి ఈయనివారు కలరు. ఇచ్చినవారు మరల రారను హామీయు లేదు. మనమిచ్చు ప్రతి రూపాయి రేపటి దాడికి పెట్టుబడి యగును. కాని నిరాశ చెంది ఆ ఫైళ్లను తుడిచివేయరాదు. తాళమువేసిన ఫైళ్లను, వారు వ్రాసిన తాఖీదును విడిగా నొక డిస్కులో భద్రపరుపవలెను. 2016 జూలైలో డచ్చి పోలీసులును, యూరోపోలును, రెండు భద్రతాసంస్థలును కలిసి నో మోర్ ర్యాన్సమ్ అను పథకమును నెలకొల్పిరి. దొరకిన తాళపుచెవులను అచట ఉచితముగా నిత్తురు. ఇండ్లలోని కంప్యూటర్లను విశేషముగా పట్టిపీడించిన స్టాప్ అను జాతిలో 148 రకములకు 2019 అక్టోబరులో ఉచిత విరుగుడు వెలువడినది. నేడు లేని చెవి రేపు రావచ్చును.

దొంగనకలు స్వదేశీ కాదు

తెగులు ఏ ద్వారమున వచ్చుచున్నదని విచారించినచో, మన పట్టణములలో ప్రధానద్వారములు మూడు. జిరాక్సు కొట్టునుండి కొట్టునకు తిరుగు పెన్‌డ్రైవు ఒకటి. పన్నునోటీసు అనియు బిల్లు అనియు పేరుపెట్టి వచ్చు ఈమెయిలు జోడింపు రెండవది. మూడవది, అన్నిటికంటె వెడల్పైనది, క్రాకు అను పేర పిలువబడు దొంగనకలు. స్టాప్ జాతి ప్రధానముగా ఈ మార్గముననే వ్యాపించినది. ఆ క్రాకుతో వచ్చు సూచనలలో తరచుగా మొదటిది "యాంటీవైరసును ఆపివేయుము" అనునది. కావలివానిని పంపివేసి తలుపు తెరచిపెట్టుమని దొంగ చెప్పగా, మనమే లేచి పోయి తెరచుచున్నాము!

"అసలు సాఫ్ట్‌వేరు కొనుటకు మాకు శక్తి యెక్కడిది?" యని చిన్నకొట్టువారు అడుగుదురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయజాలము. నెలకు కొలదివేలు మిగులుటయే కష్టమైన డీటీపీ కొట్టువాడు వేలకువేలు పోసి విదేశసంస్థల ప్రోగ్రాములు కొనలేడన్నమాట నిజము. కాని దానికి సమాధానము దొంగతనము కాదు. మన పెద్దలు విదేశవస్త్రమును బహిష్కరించిననాడు దానిని దొంగిలించి కట్టుకొనుడని చెప్పలేదు. నూలు వడకుడని చెప్పిరి. దొంగిలించినంతమాత్రమున విదేశవస్తువు స్వదేశీ కాజాలదు. పైగా వెల యిచ్చి కొనినవానికి లభించు రక్షణయు మనకు లభింపదు. పరాధీనత మాత్రము పూర్తిగా మిగులును.

నూలువడకుట వంటిది ఇచటను కలదు. లినక్సు అను స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు ఉచితము, చట్టసమ్మతము. దాని ఆధారమున కేంద్రప్రభుత్వ సంస్థయగు సీడాక్ బాస్ అను వ్యవస్థను రూపొందించినది. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగులోనే కంప్యూటరు వాడుటకు వీలుగా పాటుపడుచున్నారు. ఉత్తరములు, పట్టికలు వ్రాసికొనుటకు లిబ్రే ఆఫీసు ఉచితముగా దొరకును. లెక్కల ప్రోగ్రాము, నేతనమూనాల ప్రోగ్రాము కొన్ని విండోసుమీదనే నడచునన్న ఆక్షేపణ నిజమే. అట్టివారు ఆ ఒక్క కంప్యూటరునకు అసలు ప్రతి కొని, విండోసుతో వచ్చు ఉచిత రక్షణను ఆపక వాడుకొనవలెను. మిగిలిన పనులకు లినక్సు చాలును. విండోసు 7నకు 2020 జనవరి 14వ తేదీతోడను, విండోసు 10నకు 2025 అక్టోబరు 14వ తేదీతోడను సామాన్యమైన ఉచిత అప్‌డేట్లు నిలిచినవి. రెండవదానికి నమోదు చేసికొనినవారికి మాత్రము మరియొక సంవత్సరపు గడువు లభించినది. పాత కంప్యూటరును పారవేయకయే దానిపై లినక్సు ఎక్కించి మరికొన్నియేండ్లు నడుపుకొనవచ్చుననునది మితవ్యయపరులు గమనింపదగిన సంగతి.

ఎవరి కర్తవ్యము వారిది

మొదటి మాట రిపేరు దుకాణములవారికి. వారు మన యూళ్ల కంప్యూటర్లకు వైద్యులు. వైద్యుడే అపరిశుభ్రమైన సూదిని ఒకరినుండి మరియొకరికి వాడినచో రోగము ఊరెల్ల ప్రాకదా? ఒకే పెన్‌డ్రైవులోని క్రాకు విండోసును పదిమంది కంప్యూటర్లకు ఎక్కించుట అట్టిదే. వారు మూడు నియమములకు కట్టుబడవలెనని కోరుచున్నాము: దొంగనకలు ఎక్కింపరాదు, ఏమేమి ఎక్కించిరో బిల్లుమీద వ్రాసియీయవలెను, యజమాని అనుమతి లేక ఒక్క ఫైలునైన తుడువరాదు. ఇట్లు చేయువారికి జనులు నూరో రెండునూర్లో అధికముగా నిచ్చుటకు వెనుదీయరాదు. చౌకగా చేయుమని ఒత్తిడిపెట్టునది కొనువారమగు మనమేయని కూడ ఒప్పుకొనవలసియున్నది.

రెండవది వర్తకసంఘములకు, నేతపనివారి సంఘములకు. 2011 జనాభా లెక్కలలోనే హిందూపురమున లక్షన్నర జనమును, ధర్మవరమున లక్షయిరువదివేల జనమును ఉండిరి. ఇంతటి పట్టణములలో సంఘమునకొక్క సుశిక్షితుడగు యువకుని ఉంచుకొనలేమా? మన బిడ్డలు ఇంజనీరింగు చదివి బెంగుళూరునకు పోయి పరదేశసంస్థల కంప్యూటర్లను కాచుచున్నారు. సెలవులకు వచ్చినప్పుడు రెండు దినములు తమ యూరి కొట్లకు నకలు తీయు పద్ధతి నేర్పినచో మాతృఋణము కొంత తీర్చుకొనినవారగుదురు. నేతనమూనాలు ఒక్కరి సొత్తే కావు. ధర్మవరపు పట్టునకు భౌగోళిక గుర్తింపు దొరకినది. ఆ గుర్తింపునకు ప్రాణమైన నమూనాల నకళ్లను సంఘమే ఒకచోట భద్రపరచుట యుక్తము.

మూడవది ప్రభుత్వమునకు. 2004లో నెలకొల్పబడిన సెర్ట్-ఇన్ అను జాతీయసంస్థ అపాయములను గూర్చి హెచ్చరికలు వెలువరించుచున్నది. 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రమును తెరచి శుద్ధిసాధనములను ఉచితముగా నిచ్చుచున్నది. సంస్థలకు, కార్యాలయములకు దాడి సంగతి ఆరు గంటలలో తెలుపవలెనని 2022 ఏప్రిలు 28వ తేదీన ఉత్తరువు చేసినది. ఇవి మెచ్చదగిన పనులు. కాని ఈ మేలు మండీకొట్టువరకు రావలెనన్నచో అది తెలుగున రావలెను. ప్రతి వార్డు సచివాలయపు గోడమీదను పెద్దయక్షరములతో పది వాక్యముల తెలుగు ప్రకటన అతికించుట ఎంత పని? 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున ఇట్టి నేరమునకు మూడేండ్లవరకు ఖైదు, ఐదు లక్షలవరకు జరిమానా కలవు. చట్టమున్నది; ఫిర్యాదును ఆదరించి పుచ్చుకొను ఠాణా ఉండవలెను. సొమ్ము పోలేదు, ఫైళ్లే పోయినవని చెప్పినవానిని జిల్లాకేంద్రమునకు పొమ్మని త్రిప్పరాదు. ఫైళ్లు పోవుట సొమ్ము పోవుటకంటె తక్కువ నష్టము కాదు.

కడపట మా పాఠకులకు ఒక్క మనవి. ఈ పత్రికను మడిచిపెట్టుటకు ముందు తమ కంప్యూటరు రేపు తెల్లవారునప్పటికి తెరచుకొనకపోయినచో ఏమి పోవునో లెక్కవేసి చూడుడు. పోగూడనిది ఏదైన నున్నచో దాని నకలు నేటి సాయంకాలమే తీసి బీరువాలో పెట్టుడు. రెండువేలో మూడువేలో పెట్టి డిస్కు కొనుటకు చేయివెనుకాడునప్పుడు అందులోని లెక్కలను, నమూనాలను, బిడ్డల పెండ్లిఫొటోలను తలచుకొనుడు. తిరుమలరాయలకు పెనుకొండ యుండెను. మనలో ప్రతివానికిని అట్టి రెండవకోట యొకటి యుండవలెనని కోరుచున్నాము.